ప్రతి ఆయాసమును ఉబ్బసము కాదు

సాదలి మొదలు బాగేపల్లి, చింతామణి వరకు గల మన పల్లెలలో బిడ్డకు ఆయాసము వచ్చినచో ఇంటివారు ఉబ్బసమందురు. వైద్యుడును తరచు ఆ మాటయే చీటిపై వ్రాయును. ఈ మాట తెలుగునకును కన్నడమునకును సమానమే గనుక ఆస్పత్రిలో మనకు భాషాసమస్య లేదని కొందరు వాదింతురు. ఈ వాదమును మేము అంగీకరింపము. పేరు ఒక్కటియైనంత మాత్రమున రోగము ఒక్కటి కాదు.

కంఠనాళమున పులిపిరులవంటి కండలు పెరుగు వ్యాధి యొకటి గలదు. పాపిలోమా వైరసు 6, 11 రకములు దానికి కారణము. అది అరుదు, క్యాన్సరు కాదు, కాని ఊపిరిత్రోవను మూసి ప్రాణము తీయగలదు. తరచుగా అయిదేండ్లలోపు పిల్లలకు వచ్చును. ముందు గొంతు బొంగురుపోవును. పిదప గాలి పీల్చునపుడు కూత వినవచ్చును. ఉబ్బసపు పిల్లికూతలు విశేషముగ గాలి విడుచునపుడు వినబడును, ఒకనాడు హెచ్చి ఒకనాడు తగ్గును, పీల్చుమందుతో ఉపశమించును. కండలవలని బాధ ఆ మందుకు లొంగదు. పెద్దలకు శ్వాసనాళమున పెరుగు కొవ్వుగడ్డలును ఇట్లే ఉబ్బసమను భ్రమ గొల్పును.

ఈ భేదము తెలియుటకు తల్లిని అడుగవలెను. గొంతు ఎన్నాళ్లనుండి మారినది? కూత పీల్చునపుడా, విడుచునపుడా? ఆమె తెలుగులో చెప్పు వివరమంతయు ఒక్క మాటకు కుదించినచో రోగము చీటిలోనే దాగును. ప్రభుత్వమునకు మొర పెట్టుకొనుటకు రాజ్యాంగపు 350వ అధికరణము రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషనైనను అనుమతించుచున్నది. ఊపిరాడని బిడ్డ తల్లికి ఆస్పత్రి గడపలో ఆపాటి మన్నన లేకుండుట న్యాయమా?

అరుదైన రోగమునకు ఇంత రభస యేల యందురు. ఉబ్బసమే అధికమని మేమును ఒప్పుకొందుము. దగ్గిన ప్రతివానిని బెంగుళూరికి పంపుడని మేము కోరుటలేదు. మందుకు లొంగని ఆయాసము, మానని బొంగురుగొంతు కూడినచో ముక్కుగుండ సన్నని గొట్టము దింపి కంఠమును చూడవలెననియే మా కోరిక. కండలున్నచో శస్త్రముతోగాని లేసరుతోగాని తీయుదురు. మరల పెరిగినచో మరల తీయవలెను. నివారణోపాయమును గలదు. ఆస్ట్రేలియాలో 2007లో ఈ రకములను గూడ అడ్డగించు టీకా బాలికలకు వేయ నారంభించిన పిదప అచటి పిల్లలలో ఈ వ్యాధి మిక్కిలి తగ్గినది.

తెలుగువారు హెచ్చుగానున్న ప్రతి ఆరోగ్యకేంద్రమునను రోగి మాటను తెలుగులో విని వ్రాయువారు ఉండి తీరవలెను. ఇది దయ కాదు, వైద్యములో మొదటి మెట్టు. తల్లులారా, మీరును ఉబ్బసమని ఊరకొనక, గొంతు మారిన సంగతి ముందుగా చెప్పుడు, వినువరకు చెప్పుడు.