కొలువు కూడా ఒక సంబంధమే!

పిల్లకు పెళ్లి సంబంధం వస్తే మనం ఎంత వాకబు చేస్తామో వేరే చెప్పాలా? అబ్బాయి అలవాట్లేమిటి, అత్తగారి నోరు ఎలాంటిది, అప్పులేమైనా ఉన్నాయా... దూరపు చుట్టాలను పట్టుకుని మరీ కనుక్కుంటాం. అదే పిల్ల ఇంజినీరింగ్ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఒక కంపెనీ రమ్మంటోందని చెబితే మాత్రం వేసేది ఒకే ప్రశ్న. 'ఆ పేరు ఎప్పుడైనా విన్నామా?' విన్నదైతే సరే. విననిదైతే వద్దు. అంతటితో వాకబు అయిపోయినట్టే!

ఈమధ్య ఆసిఫాబాద్‌లో కొందరు తల్లులతో మాట్లాడినప్పుడు నాకు ఇదే ఎక్కువగా వినిపించింది. "పది మంది సుత లేని కంపెనీకి బిడ్డను ఎట్ల పంపుతం మేడం? రేపు మూసేస్తే ఏం గావాలె?" అని ఒకావిడ గట్టిగానే అడిగారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. ఈ ప్రాంతంలో కొలువంటే సర్కారుదో, సింగరేణిదో, కాగజ్‌నగర్ మిల్లుదో కావాలి. చేరితే రిటైరయ్యేదాకా ఢోకా ఉండదని నమ్మకం. కానీ ఆ సిర్పూరు పేపరు మిల్లే 2014లో మూతపడలేదా? 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాకే కదా మళ్లీ నడిచింది! మధ్యలో ఇల్లు ఎలా గడిచిందో ఆ కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకే తెలుసు. సత్యం కంప్యూటర్స్ ఎంత పెద్ద పేరు! 2009 జనవరిలో అదీ ఒక్క రోజులో కుదేలైంది. పేరు పెద్దదైనంత మాత్రాన భరోసా దొరకదు.

అలాగని కొత్త కంపెనీలన్నీ బంగారు గనులని నేను చెప్పడం లేదు. స్టార్టప్ అంటే ఇద్దరు ముగ్గురు ఒక ఆలోచన పట్టుకుని, సొంత డబ్బుతోనో పెట్టుబడిదారుల డబ్బుతోనో, లాభం కళ్లజూడకముందే నడిపే సంస్థ. వాటిలో నిలబడేవి కొన్నే. కానీ అక్కడ చేరిన అమ్మాయి పెద్ద కంపెనీలో అయిదేళ్లకు నేర్చుకునే పని రెండేళ్లలోనే నేర్చుకోవచ్చు. రేపు ఆ కంపెనీ లేకపోయినా, ఆ పనితనాన్ని ఆమె దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు.

మరి చిక్కెక్కడుంది? అమ్మాయినీ, కంపెనీనీ కలిపే దారిలో ఉంది. మన నిజామాబాద్ ప్రాంతం నుంచి వెళ్లిన ఫణీంద్ర సామ సంగతే చూడండి. పండక్కి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క, ఆ ఇబ్బందిలోంచే 2006లో బెంగళూరులో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనుక్కుంది. ఆయనతో కలిసి ఆ సంస్థను మొదలుపెట్టిన ఇద్దరూ ఆయనలాగే బిట్స్ పిలానీలో చదువుకున్నవారే. ఇందులో తప్పేమీ లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెలిసినవాళ్లనే కదా నమ్ముతారు! తర్వాత కావలసినవాళ్లను కూడా 'మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?' అని స్నేహితులనే అడుగుతారు. ఆ స్నేహితుల వలయంలో ఆసిఫాబాద్ ఆటోడ్రైవర్ కూతురు ఎక్కడుంటుంది? ఆమెకు చదువు తక్కువై కాదు, ఆమె పేరు చెప్పే నోరు ఒక్కటీ లేక అవకాశం పోతోంది.

ఈ ఖాళీలోకే మోసగాళ్లు దూరుతున్నారు. రిజిస్ట్రేషన్ ఫీజనీ, శిక్షణకనీ, డిపాజిట్ అనీ వేలకు వేలు గుంజుతున్నారు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం కుదిర్చేవాళ్లు డబ్బు తీసుకోవాల్సింది మనిషి కావలసిన కంపెనీ దగ్గర. కొలువు కోసం వచ్చిన పిల్ల చేత పైసలు కట్టించుకునేవాణ్ని గడప తొక్కనివ్వకండి.

అందుకే పెళ్లి సంబంధానికి చేసే వాకబు దీనికీ చేద్దాం. మొదట, అది రిజిస్టరైన కంపెనీయేనా అన్నది కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. తర్వాత, 'మీ చేతిలో ఉన్న డబ్బుతో ఇంకా ఎన్ని నెలలు జీతాలివ్వగలరు?' అని అమ్మాయి నేరుగా అడగాలి. ఇది మర్యాద తప్పడం కాదు. నిజాయతీగల యజమాని జవాబు చెబుతాడు. నీళ్లు నమిలాడంటే అదీ ఒక జవాబే.

జీతం తక్కువిచ్చి, కంపెనీలో వాటా ఇస్తామంటారు. ఆ వాటా చేతికి రావడానికి నిబంధనల ప్రకారం కనీసం ఏడాది ఆగాలి. పూర్తిగా రావాలంటే నాలుగేళ్లు పెట్టడం మామూలు. కంపెనీ నిలబడితేనే దానికి విలువ. కాబట్టి హాస్టలు ఖర్చు, తిండి, ఇంటికి పంపేది - ఇవన్నీ నెల జీతంలోనే సరిపోవాలి. వాటాను పై రాబడిగానే లెక్కేసుకోవాలి.

ఎంతమంది పనిచేస్తున్నారో కూడా అడగాలి. ఇది ఆడపిల్లలకు మరీ ముఖ్యం. ఇరవై మంది లేని సంస్థ పీఎఫ్ కట్టాలన్న నిర్బంధం సాధారణంగా ఉండదు. మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు అన్నది 2017 సవరణతో వచ్చిన హక్కు. అది ఇలాంటి ఆఫీసుల్లో పది మంది లేకపోతే వర్తించదు. 2013 చట్టం ప్రకారం పది మంది ఉన్నచోట లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే కమిటీ ఆఫీసులోనే ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే దిక్కులేదని కాదు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఈ సంగతి ఎందరు తల్లులకు తెలుసు? చట్టం తప్పనిసరి చెయ్యకపోయినా, సెలవు సంగతీ పీఎఫ్ సంగతీ నియామక పత్రంలో రాసివ్వమని అడిగే హక్కు మనకుంది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదు కదా!

కంపెనీ నడిపేవాళ్లకూ రెండు మాటలు చెప్పాలి. ప్రకటనలోనే జీతం రాయండి. కాలేజీ పేరు చూసి కాగితం పక్కన పడెయ్యకుండా, ఒక చిన్న పని ఇచ్చి చూడండి. వారాల తరబడి చేయించుకుంటే దానికి డబ్బివ్వండి. 'పెళ్లెప్పుడు?' అని అమ్మాయిలను మాత్రమే అడిగే అలవాటు మానండి. ఆ ప్రశ్నకూ కంప్యూటర్ పనికీ ఏమిటి సంబంధం?

ఇక ప్రభుత్వం. 2015లో హైదరాబాద్‌లో టీ-హబ్ వచ్చింది. 2018 మహిళా దినోత్సవం నాడు మహిళల కోసమే వీ-హబ్ మొదలైంది. 2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. ఊరి పిల్లల కోసమే పెట్టిన బాసర ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఉంది. అన్నీ మంచివే. కానీ ఈ కొత్త కంపెనీలవాళ్లు ఏడాదికి రెండుసార్లు ఆసిఫాబాద్ వచ్చి, ఇక్కడి పిల్లలను ఇక్కడే చూసి ఎంచుకునే ఏర్పాటు కావాలి. ఇంటర్వ్యూ కోసం ప్రతి పిల్లా దాదాపు 300 కిలోమీటర్లు, తోడుగా తండ్రి, రెండు రోజుల కూలీ నష్టం - ఈ ఖర్చు భరించలేక ఆగిపోయేవాళ్లు ఏ లెక్కలోకీ రావడం లేదు. పైగా కంపెనీవాళ్లు ఇక్కడికొస్తే తల్లులు కూడా ఎదురుగా కూర్చుని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. సగం భయం అక్కడే పోతుంది.

నన్ను నిలదీసిన ఆ తల్లి నిజానికి సరైన ప్రశ్నే వేశారు. కాకపోతే దాన్ని నన్ను కాదు, కంపెనీవాళ్లను అడగాలి. తృప్తికరమైన జవాబు రాకపోతే వద్దనండి, ఎవరూ కాదనరు. కానీ అసలు అడక్కుండానే పిల్ల కొలువును కాలదన్నకండి. ఏమంటారు?