తాతలకు డ్రిల్లు సారు కావాలి

మా తాత కాలు జారి పడ్డది బోరింగు దగ్గర. చలికాలం పొద్దున, నాచు పట్టిన గచ్చు. తుంటి ఎముక విరిగింది. పట్నంలో ఆపరేషను చేశారు, ఎముక అతికింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు "నడిపించండి" అన్నారు. ఆ ఒక్క మాటలో ఎన్ని ప్రశ్నలున్నాయో అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఎంత దూరం నడిపించాలి? ఏ పక్క నిలబడి పట్టుకోవాలి? నొప్పంటే ఆపాలా, ఇంకో నాలుగడుగులు వేయించాలా? చెప్పే మనిషి మా ఊళ్లో లేడు. చెప్పగల మనిషి దగ్గరికి పోవాలంటే ఒక ఆటో, ఒక బస్సు, ఒక రోజు కూలి.

అంచేత మాకు తెలిసిన పని మేం చేశాం. "నువ్వు లేవకు తాతా, మేం తెచ్చిస్తం" అన్నాం. నీళ్లు, అన్నం, ఆఖరికి చుట్ట కూడా మంచం దగ్గరికే. మూడు నెలల్లో తొడలు కందికట్టెలయ్యాయి. నేల మీద కూచుంటే ఇద్దరు లేపాలి. ఆ సిగ్గుతో రచ్చబండ దగ్గరికి పోవడమే మానుకున్నాడు. మరుసటి వానాకాలం పోయాడు. మేం ప్రేమతో వాల్చిన ఆ మంచమే ఆయన్ని తీసుకుపోయిందని నా అనుమానం. ఇంట్లో ఈ మాట అనలేను, ఇక్కడ రాస్తున్నాను.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యే చోటు. ఒక పక్క మిర్చి, పత్తి చేలు. ఇంకో పక్క టేకు, తునికి, ఇప్ప. జువాలజీ చదివేవాడికి వ్యాయామం గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. కాలేజీ టీములో ఏనాడూ ఆడనివాణ్ణి, ఒప్పుకుంటాను. అయితే నిరుడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో ఒక తప్పు చేశాను. అది చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే మోసమవుతుంది.

ఏడు రోజుల క్యాంపు ఒక కోయగూడెంలో. ఒక పూట "వృద్ధుల ఆరోగ్యం" అని పెట్టి ఆ భారం నా మీద వేశారు. నాకు తెలిసిన వ్యాయామం బళ్లో డ్రిల్లు సారు చేయించిందే. పాతికమంది ముసలివాళ్లను వరసలో నిలబెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు! చేతులు పైకి, వంగి కాలివేళ్లు ముట్టుకోవడం, తర్వాత గెంతడం. వంగి లేచేటప్పుడు ఒక తాత కళ్లు తిరిగి పక్కవాళ్ల మీద పడ్డాడు. దెబ్బ తగల్లేదు, మా అదృష్టం. ఆయనకు బీపీ ఉందా, ఏం మాత్రలు మింగుతున్నాడు అని నేను అడిగితే గదా! ఇదంతా చూస్తూ అరుగు మీద కూచున్న ఒక అవ్వ తెలుగులోనే అంది: "పిల్లగా, చేతులూపితే నాకేం వస్తది? ఇప్పపువ్వు ఏరి గంప ఎత్తుకొని లేవలేకపోతున్న. అది నేర్పు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత లైబ్రరీలో కూచుని చదివితే తెలిసింది, ఆ అవ్వ అడిగినదానికి ఒక శాస్త్రమే ఉందని. దాన్ని పనికొచ్చే వ్యాయామం అందాం. కండ పెంచి అద్దంలో చూసుకోవడానికి కాదిది. నులకమంచం మీది నుంచి లేవడం, పొయ్యి ముందు కూచోవడం, బిందె ఎత్తడం, పొలం గట్టు దాటడం, పిలిస్తే తూలకుండా వెనక్కి తిరగడం. వీటికే శరీరాన్ని తయారు చెయ్యడం. పల్లెవెలుగు బస్సెక్కడం కూడా కలుపుకోండి. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు, సంతోషమే. మొదటి మెట్టు ఎత్తు మాత్రం తగ్గలేదు.

వయసు మీరిన కండ మళ్లీ బలపడుతుందా అని మా నాయన అనుమానం. 1990లో అమెరికాలోని బోస్టనులో ఫియటరోన్ అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్లు ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల కండ కూడా బరువు పెడితే జవాబిస్తుందన్నమాట. మా తాతకు అప్పటికి డెబ్బై నాలుగు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. న్యూజీలాండులో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు ముసలివాళ్లు పడిపోకుండా ఇంటి దగ్గరే చేసుకునే వ్యాయామాలు తయారుచేశారు. చీలమండకు చిన్న బరువు కట్టి కాలు చాచడం, మడమల మీద నడవడం, వెనక్కి నడవడం, వీటితోపాటు మామూలు నడక. పడిపోవడాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. 2001లో అచ్చయిన వాళ్ల పరిశోధన ఒకదానిలో ఈ వ్యాయామాలను ఇల్లిల్లూ తిరిగి నేర్పింది ఒక నర్సు. అంతకుముందు ఆమెకు వ్యాయామం నేర్పిన అనుభవం లేదు. ఫిజియోథెరపిస్టు దగ్గర శిక్షణ తీసుకుని నేర్పింది. ఫలితం ఏమీ తగ్గలేదు. బ్రిటనులో వ్యాయామ శిక్షకులకే ఈ పని మీద ప్రత్యేక అర్హత ఒకటి పెట్టారు. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. ప్రతి మండలానికీ ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేదాకా ఆగితే మన ముసలివాళ్లు ఆగరు. వ్యాయామం నేర్పేవాళ్లు మనకున్నారు. వాళ్లకు ముసలి శరీరాన్ని నేర్పాలి.

మనకు ఈ విద్య కొత్తదా? వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నారని విన్నాం. అంత కీర్తి రాకముందు ఆయన విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామోపాధ్యాయుడు. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల 1920లో పుట్టింది. నూరేళ్లు దాటినా మన చూపు పడుచు ఒంటి మీది నుంచి కదల్లేదు. బి.పి.ఎడ్. అంటే బడిపిల్లలకు ఆటలు నేర్పే గురువును తయారుచేసే చదువు. ఖమ్మంలోనో పాల్వంచలోనో జిమ్ములోకి తొంగిచూడండి, నలభై దాటినవాడు కనిపిస్తే గొప్ప. 2011 జనాభా లెక్కల్లోనే అరవై దాటినవాళ్లు దేశంలో పది కోట్లకు పైన తేలారు. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010లో జాతీయ కార్యక్రమం మొదలైంది. జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి క్లినిక్కు ఉండాలని అందులో రాసి ఉంది. ఉండాలి, తప్పదు. కాని పడ్డాక చేర్చే పడక వేరు, పడకుండా చూసే మనిషి వేరు.

మా నాయన వాదం ఇంకొకటుంది: "చేను పని చేసేటోనికి వ్యాయామమేందిరా, పనే వ్యాయామం." సగం నిజం. మా నాయనమ్మ అరవై దాటాకా మిరపకాయలు ఏరింది. కాని రోజంతా ఒకే తీరున వంగితే నడుం అరుగుతుంది. ఒంటికాలి మీద నిలదొక్కుకునే నేర్పు మాత్రం రాదు. పని మోతాదు మనిషిని చూసి పెరగదు, పంటను చూసి పెరుగుతుంది. తర్వాత ఒకనాడు కొడుకు "ఇక చాల్లే" అంటాడు, ఆ రోజుతో పని ఠక్కున ఆగిపోతుంది. వ్యాయామం ఎరువులాంటిది. ఎంత వెయ్యాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి, లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిసినవాడే శిక్షకుడు.

ఏం నేర్పాలి ఆ శిక్షకుడికి? ముందుగా అడగడం: ఛాతీ నొప్పి, చక్కెర, మాత్రలు, ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా. నేను తప్పింది అక్కడే. తర్వాత కొలవడం. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూచోగలరో చూడడం ప్రపంచమంతా వాడే పరీక్ష. గూడెంలో కుర్చీ ఏది? నులకమంచం కుంగిపోతుంది, దాని మీద లెక్క తప్పు. మనవాళ్లను నేల మీది నుంచి లేచే తీరులోనే కొలవాలి. బ్రెజిల్ డాక్టరు అరావుజో ఇటువంటి పరీక్షనే తయారుచేశారు. చెయ్యి ఆనించినా మోకాలు ఆనించినా మార్కు తగ్గుతుంది. పడ్డవాళ్లు లేవడాన్ని కూడా విడివిడిగా నేర్పవచ్చు. పక్కకు దొర్లడం, మోచేతి మీద లేవడం, చేతులూ మోకాళ్ల మీదికి రావడం, పీట పట్టుకుని ఒక పాదం ముందుకు వెయ్యడం, నిలబడడం. ఇది ఒక్క వారం ముందు మాకెవరైనా చూపించి ఉంటే!

ఇంకా ఉంది. ఆడవాళ్లకు ఆడ శిక్షకులే కావాలి, మా ఊళ్లో పరాయి మగవాడు నడుం పట్టుకుని లేపుతానంటే ఒప్పుకోరు. గూడేల్లో కోయ మాట రావాలి. కోయ పిల్లలకే శిక్షణ ఇస్తే ఆ చిక్కు లేదు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఎండాకాలంలో తునికాకు. ఆ రోజుల్లో వ్యాయామానికి రమ్మంటే ఎవరొస్తారు? జీతం లేకుండా సేవ అంటే మూడో నెలకు శిక్షకుడూ రాడు. ఈ పనినీ ఆశా అక్కల నెత్తిన పెడదామనేవాళ్లకు దండం, వాళ్ల నెత్తి మీద ఉన్నది చాలు.

కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బి.పి.ఎడ్. చదివి ఖాళీగా ఉన్న అన్నలు, అక్కలు ఊరికొకరున్నారు. ఒంటి సంగతి వాళ్లు, వ్యాయామం సంగతి వీళ్లు ఒకచోట కూచుని నేర్చుకోవడానికి ఆరునెలల కోర్సు ఒకటి పెట్టమని మన యూనియను అడగాలి. మెస్సు బిల్లు కోసం ధర్నా చేస్తాం, తప్పు లేదు. ఒక వినతిపత్రం దీనికీ రాద్దాం. రానున్న ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో మళ్లీ నాబోటివాడి చేతికి ఈల ఇవ్వవద్దు.

మా నాయనమ్మకు శ్రీరామనవమికి భద్రాద్రి పోయి గోదావరి మెట్లు తనంతట తను దిగి ముణగాలని ఉంది. సంక్రాంతి సెలవుల్లో రోజూ సాయంత్రం అరుగు స్తంభం పట్టుకుని మెట్టెక్కి దిగడం చేయించాను. అడిగాను, బీపీ చూపించాను, అయిదుతో మొదలుపెట్టి పన్నెండుకు తెచ్చాను. నేను హాస్టలుకు బయల్దేరుతుంటే "రేపటి సంది ఎవరు లెక్కబెడతర్రా?" అంది. ఎదురింటి ఒకటో తరగతి పిల్లకు అప్పజెప్పి వచ్చాను. ఆ పిల్లకు ఇరవై దాకా ఒంట్లు వచ్చు. మోకాలు నొప్పంటే ఏం చెయ్యాలో రాదు.