నిమ్మకాయ కట్టాక మళ్లీ హ్యాంగ్ అవ్వలేదట!

దసరా వచ్చిందంటే సామర్లకోటలో లారీలకీ, ఆటోలకీ, రైస్‌మిల్లు మోటార్లకీ జరిగే మర్యాదే జిరాక్సు షాపుల్లో కంప్యూటర్లకీ జరుగుతుంది. మోనిటర్ నుదుట పసుపు, కుంకుమబొట్టు. సీపీయూ డబ్బా మీద బంతిపూలు. అన్నం పెట్టే పనిముట్టుకి ఏడాదికోసారి దండం పెట్టుకుంటే హేతువాదికి వచ్చిన కష్టమేమీ లేదు. అదే కంప్యూటర్ మాటిమాటికీ బిగుసుకుపోతుంటే వైద్యానికి కూడా నిమ్మకాయనే తేవడంతోనే పేచీ. "నరదిష్టండీ. నిమ్మకాయ కట్టాక మళ్లీ హ్యాంగ్ అవ్వలేదు" అని ఒట్టేసి చెప్పేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కొట్టిపారేయడం తేలిక. కానీ చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే, హ్యాంగ్ అవ్వడం ఆగే ఉంటుంది. ఎందుకాగిందన్నదే ప్రశ్న.

పూజకు ముందు ఏం చేస్తారో చూడండి. స్విచ్ ఆపుతారు, ప్లగ్గు పీకుతారు, డబ్బాను ముందుకు లాగి గుడ్డతో తుడుస్తారు. ఓపికున్నవాళ్లు పక్క రేకు విప్పి బ్రష్షుతో దుమ్ము దులుపుతారు. ఇవన్నీ మరమ్మతులే. లోపల ప్రాసెసర్ నెత్తిన లోహపు రెక్కలుంటాయి, వాటిమీద ఫ్యాన్ తిరుగుతుంది. ఆ రెక్కల సందుల్లో దుమ్ము కంబళిలా పేరుకుపోతే గాలాడదు. వేడి 90, 100 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, హద్దు దాటితే మొత్తం ఆపేస్తుంది. గంటసేపు ఆపితే చల్లబడుతుంది, దులిపితే గాలాడుతుంది, వైరు పీకి మళ్లీ గుచ్చితే వదులైన కనెక్షన్ బిగుస్తుంది. పని చేసింది గుడ్డ, పేరొచ్చింది నిమ్మకాయకి.

జబ్బు ముదరడానికీ కొంత భక్తి సాయం ఉంది. డబ్బా పక్కన రోజూ వెలిగే అగరొత్తి పొగను ఫ్యాన్ లోపలికి పీల్చుకుంటుంది, ఆ జిడ్డు మీద దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది. కరెంటు వస్తువు ఆగ్నేయ మూలే ఉండాలని వాస్తు చెప్పిందని గోడకి ఆనించి ఇరికిస్తే, వేడిగాలి బయటికి పోయే దారే ఉండదు.

మాడిపోయిన బల్బుకి ఎవరూ దిష్టి తియ్యరు. అది ఎప్పటికీ వెలగదు కాబట్టి మార్చేస్తారు. దిష్టి తగిలేదంతా వచ్చిపోయే జబ్బులకే. మరీ విసిగిపోయిన రోజునే మనం నిమ్మకాయ కొంటాం. అలాంటి రోజు తర్వాత పరిస్థితి ఎలాగూ కొంత మెరుగవుతుంది, ఆ మెరుగు నిమ్మకాయ ఖాతాలో పడుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ 1948లో ప్రచురించిన ప్రయోగం ఇదే చెబుతుంది. ఆకలిగా ఉన్న 8 పావురాలకి, అవి ఏం చేసినా చెయ్యకపోయినా, లెక్క ప్రకారం కొంత సేపటికొకసారి మేత పెట్టాడు. మేత వచ్చినప్పుడు తామేం చేస్తున్నాయో దాన్నే 6 పావురాలు మళ్లీ మళ్లీ చెయ్యడం మొదలెట్టాయి. ఒకటి గుండ్రంగా తిరిగింది, ఇంకొకటి పదేపదే తలను పంజరం మూలకి విదిల్చింది. దీన్ని ఆయన మూఢనమ్మకమనే అన్నాడు.

దేవుణ్ణి నమ్మని రిపేరువాళ్లు మాత్రం ఈ పావురాల కన్నా మెరుగా? డబ్బా విప్పకుండానే "ఫార్మాట్ కొట్టేద్దామండి" అంటాడు ఒకాయన. ఇంకొకాయన ర్యామ్, లోపలికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, విండోస్ అన్నీ ఒకేసారి మార్చేస్తాడు. బాగుపడినా ఏది మార్చడం వల్ల బాగుపడిందో ఆయనకీ తెలియదు, మనకీ తెలియదు. ఇదీ మంత్రమే, కాకపోతే దీనికి బిల్లిస్తారు.

హేతువాదం చెప్పే మాట ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది రాసిపెట్టు. ఎన్ని గంటలకి ఆగింది, అప్పుడేం పని నడుస్తోంది, లైటు మసకబారిందా అన్నవి నోటు పుస్తకంలోకి ఎక్కాలి. ఎండాకాలం మధ్యాహ్నం, బరువైన పని మీద ఆగుతుంటే ముందు వేడిని అనుమానించాలి. ఊరికే ఉన్నప్పుడూ ఆగుతుంటే ర్యామ్ వంతు. రెండు ర్యాములుంటే ఒకదాన్ని తీసి కొన్నాళ్లు, రెండోదాన్ని తీసి కొన్నాళ్లు నడపాలి, ర్యామును పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా పెట్టాలి. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులు 11.4కి తగ్గకూడదు, 12.6కి మించకూడదు. మీటరు సరిగ్గా చూపించినా అనుమానం తీరకపోతే, బాగున్నదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి తగిలించి చూడాలి. ఫైలు తెరిచినప్పుడల్లా ఆగుతూ హార్డ్‌డిస్క్ టకటకమంటుంటే మాత్రం అన్నిటికన్నా ముందు డేటా కాపీ చేసుకోవాలి. అక్కడ దిష్టి పేరుతో జాప్యం చేస్తే పోయేది నిమ్మకాయ ఖరీదు కాదు, ఏళ్ల లెక్కలూ, ఫోటోలూ.

ఇలా వెతికేవాళ్లూ పొరబడతారు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంటే మొదట మదర్‌బోర్డు సెట్టింగుల మీద అనుమానం పోయింది. పరీక్షలు ఆపలేదు కాబట్టి, ప్రాసెసర్ తన మైక్రోకోడ్ లోపం వల్ల అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని 2024 జులైలో కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది. దిష్టికి ఈ అవకాశం లేదు. అది తప్పని తేలే దారే ఎవరూ ఉంచలేదు.

నమ్మకాన్ని పరీక్షకు పెట్టే ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తేం కాదు. పక్కనే ఉన్న కాకినాడ పి.ఆర్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా, నాస్తికుడైనందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకి కీడన్న నమ్మకానికి ఆయన భార్య సరస్వతీ గోరా వాదనతో జవాబివ్వలేదు. కడుపుతో ఉండగానే గ్రహణం చూశారు.

నిమ్మకాయకీ అంత న్యాయం చేద్దాం. ఈసారి హ్యాంగ్ అయినప్పుడు స్విచ్ ఆపకుండా, గుడ్డ పెట్టకుండా, వైరు కదపకుండా నిమ్మకాయ ఒక్కటే కట్టండి. నోటు పుస్తకంలో ర్యామ్ కింద, ఎస్‌ఎంపీఎస్ పక్కన దానికీ ఒక గడి గీయండి. నెగ్గితే ఒప్పుకుందాం. నెగ్గకపోతే పులిహోరకి పనికొస్తుంది.