నష్టం అందరిదీ.. కేసు ఎవరిది?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్‌.ఆర్‌.వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల్లో చేరారు. మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తానుగా విచారణ చేపట్టి, రూ.50 కోట్లు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం రూ.కోటి చొప్పున ఇచ్చింది.

ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి చూడండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు.. ఈ కొబ్బరి, జీడి తోటల పల్లెల్ని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. పోయిన ప్రాణాలు విశాఖ ఘటన కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఫలానా కంపెనీ పరిహారం కట్టాలని అడిగే దారి అక్కడ లేదు. ఎందుకు?

మూడు ముడులు

ఒకే వస్తువు వల్లో, ఒకే ప్రమాదం వల్లో చాలామందికి హాని జరిగితే వేసే పరిహారం కేసుల్ని అమెరికాలో 'మాస్ టార్ట్' అంటారు. వార్తల్లో తరచూ కనిపించే 'క్లాస్ యాక్షన్' వేరు. క్లాస్ యాక్షన్‌లో అందరి తరఫునా ఒకటే కేసు, ఒకటే తీర్పు. మాస్ టార్ట్‌లో ఎవరి కేసు వాళ్లదే. ఒకరికి ఊపిరితిత్తులు దెబ్బతింటే ఇంకొకరికి కళ్లు పోవచ్చు కాబట్టి పరిహారం కూడా మారుతుంది. ఉమ్మడి సాక్ష్యాల్ని మాత్రం ఒకేచోట పరిశీలిస్తారు.

పేరు ఏదైనా, కేసు నిలబడాలంటే మూడు ముడులు పడాలి. హాని జరిగిందా? దేనివల్ల జరిగింది? దానికి బాధ్యులెవరు? విశాఖలో మూడూ ఒక్క పూటలో తేలిపోయాయి. ఉద్దానంలో మొదటిది ఒక్కటే కళ్లెదుట ఉంది. నీళ్లా, పురుగుమందులా, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయేలా చేసే పనా అని ఐసీఎంఆర్ సహా ఎందరో పరిశోధించారు. ఇదే కారణం అని శాస్త్రీయంగా తేలలేదు. కారణం తేలకపోతే ప్రతివాది లేడు, ప్రతివాది లేకపోతే కేసు లేదు. అందుకే అక్కడ సాయమంతా సర్కారు నుంచే వచ్చింది. డయాలసిస్ రోగులకు పింఛను, హిరమండలం రిజర్వాయర్ నుంచి రూ.700 కోట్ల తాగునీటి పథకం, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి.. అన్నీ అలా వచ్చినవే. అవసరమైనవే, కాదనలేం. కానీ పథకాన్ని ప్రభుత్వం మార్చగలదు, ఆపగలదు. కోర్టు తీర్పుతో వచ్చే పరిహారం అలా కాదు, అది హక్కు.

ఆచూకీ దొరకని రోగులు

రెండో ముడి తేలినా పని అయిపోదు. జాన్సన్ అండ్ జాన్సన్‌కి చెందిన డెప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. అమెరికాలో వేలమంది వేసిన కేసులు 2013లో సుమారు 250 కోట్ల డాలర్ల ఒప్పందానికి దారితీశాయి. మన దేశంలో సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగాయి. పరిహారం సూత్రం మాత్రం 2018లో గానీ రాలేదు. దాని ప్రకారం వైకల్యం, వయసును బట్టి రూ.30 లక్షల నుంచి రూ.1.23 కోట్ల దాకా రావాలి. అయితే 3,600 మందికి పైగా రోగుల ఆచూకీయే దొరకలేదు. ఒంట్లో ఏ కంపెనీ పరికరం ఉందో చెప్పే కాగితం చేతిలో లేకపోతే ఆ సూత్రం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

విత్తనం మట్టిలో కలిసిపోతే?

మన రైతులకు దగ్గరగా ఉండే తీర్పు ఒకటుంది. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. 'రైతు వినియోగదారుడే కాడు, పైగా ల్యాబ్ పరీక్షకు విత్తనం పంపలేదు' అని విత్తన సంస్థ వాదించింది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు రైతుల పక్షాన నిలిచింది. కొన్న విత్తనమంతా చల్లేసే రైతు, పరీక్ష కోసం కొంత దాచుకోవాలని ఆశించడం సరికాదంది. మరి అలాంటి కేసుల్లో ఏం నిలుస్తుంది? కొన్న బిల్లు, పొలం చూసిన వ్యవసాయాధికారి నివేదిక. మన ఊళ్లలో అప్పు మీద తెచ్చుకునే పురుగుమందుకి దుకాణదారు తెల్లచీటీ రాసిస్తాడు. దాని మీద బ్యాచ్ నంబరు ఉండదు. రేపు కేసు బలహీనపడేది అక్కడే.

మన చట్టంలో ఏముంది?

అమెరికా తరహా మాస్ టార్ట్ ఏర్పాటు మన దగ్గర లేదు. ఉన్న దారులు ఇవీ:

• వినియోగదారుల రక్షణ చట్టం-2019లో 'ఉత్పత్తి బాధ్యత'కు ప్రత్యేక అధ్యాయం ఉంది. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, సరైన హెచ్చరిక లేకపోవడం.. ఏది ఉన్నా పరిహారం అడగొచ్చు. స్కూటర్ బ్యాటరీ పేలి మనిషికి కాలిన గాయాలైతే ఇది వర్తిస్తుంది. బ్యాటరీ పాడైపోవడం ఒక్కటే అయితే అది మామూలు వినియోగదారు ఫిర్యాదు.

• సెక్షన్ 35(1)(సి) ప్రకారం ఒకే రకం నష్టం ఉన్న చాలామంది తరఫున ఒకరో కొందరో, కమిషన్ అనుమతితో కేసు వేయొచ్చు.

• కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం లేదా విజయనగరం కమిషన్‌లోనే వేయొచ్చు. వస్తువుకి కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. సలహాకి 1915కి ఫోన్ చేయొచ్చు.

• పారిశ్రామిక ప్రమాద బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. నంబరు 15100.

గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన 'కఠిన బాధ్యత' సూత్రంలో ప్రకృతి వైపరీత్యం లాంటి మినహాయింపులున్నాయి. ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు కేసులో 1986లో మన సుప్రీంకోర్టు చెప్పిన 'సంపూర్ణ బాధ్యత'లో ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులేవీ లేవు. ఎల్జీ పాలిమర్స్ విషయంలో ట్రైబ్యునల్ 2020 మే 8న మొదటి మాట వాడి, జూన్ 1 ఆదేశంలో రెండోది కూడా వర్తిస్తుందని చెప్పింది.

ఇంట్లో ఆధార్ అప్‌డేట్ నుంచి పింఛను దరఖాస్తు దాకా ఆన్‌లైన్ పనులన్నీ చదువుకున్న పిల్లల మీదే పడతాయి కదా. ఇంకొక్క పని చేర్చుకోండి. నాన్న తెచ్చిన మందు డబ్బా మీది బ్యాచ్ నంబరు, బిల్లు, ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, అమ్మకి వేసిన ఇంప్లాంట్ స్టిక్కర్.. ఫొటో తీసి తేదీతో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో చేరబోయేవాళ్లు మొదటి నెల నుంచే తమ వైద్య పరీక్షల రిపోర్టుల కాపీ అడిగి తీసుకోండి. రెండేళ్ల గడువు మొదలయ్యాక వెతుక్కుంటే ఇవి దొరకవు.