చిరుత కనబడితే బాగుణ్ణు!

వారాంతపు బస అనగానే అద్దాల హోటలూ, ఏసీ గదీ, ఈతకొలనూ గుర్తొస్తాయి. గిద్దలూరు వైపు వాళ్లకు అంతకన్నా అందమైన బస నంద్యాల దారిలోనే ఉంది. నల్లమల ఘాట్ దాటుతుంటే వచ్చే పచ్చర్లలో అటవీశాఖ జంగిల్ క్యాంపు ఏర్పాటు చేసింది. చెట్ల మధ్య కాటేజీలు, జీపులో సఫారీ, రాత్రయితే కీచురాళ్ల పాట!

వచ్చినవాళ్లందరిదీ ఒకటే కోరిక: చిరుత కనబడాలి. మరి దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం ఉన్నది ఈ నల్లమలలోనే. దాని విస్తీర్ణం 3,728 చదరపు కిలోమీటర్లు!

ఆ కోరిక సంగతి పచ్చర్ల ఊరివాళ్ల దగ్గర అనగలమా? 2024 జూన్‌లో కట్టెల కోసం వెళ్లిన ఆ ఊరి మహిళ ఒకరు చిరుత దాడిలో చనిపోయారు. మనకు ఫొటో, వాళ్లకు ప్రాణభయం.

అందుకే అతిథి మర్యాద తెలిసి వెళదాం. తినగా మిగిలిన అన్నం, బిర్యానీ పొట్లాలు రోడ్డు పక్కన విసరొద్దు. వాటి కోసం కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. సోమవారానికి మనం ఇంట్లో ఉంటాం, చిరుత మాత్రం ఆ ఊరి పొలిమేరలోనే ఉంటుంది. చీకటి పడ్డాక పిల్లల్ని గది దాటనివ్వకండి. పాటల హోరూ వద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా అభయారణ్యంలో సఫారీలు ఆపేస్తారు కాబట్టి ముందే వాకబు చేసి బయల్దేరండి.

ఇంతా చేసి చిరుత కనబడకపోతే? దిగులెందుకు! అది అడవి లోపలే హాయిగా ఉందన్నమాట. ఊరికీ, దానికీ అదే క్షేమం.