ఫేషియల్ చేయించుకోబోతున్నారా?

అందం – ఆరోగ్యం

సూరత్ నగరానికి దక్షిణ భాగాన, పాండేసరా పారిశ్రామికవాడకు చేరువలో బమ్రోలి ఉన్నది. ఆ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్లు వినిపిస్తూనే ఉంటుంది. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి పద్మశాలి కుటుంబాలు అనేకం సూరత్‌కు వలసపోయి, అక్కడి మగ్గాలనే నమ్ముకొని స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే అక్కడ మనవారు ఎందరో ఊహించుకోవచ్చు.

ఆ మధ్య ఒక పెళ్లి కొరకు బమ్రోలిలోని మా బంధువుల ఇంటికి వెళ్లాను. ముహూర్తానికి ఇంకా పది రోజుల వ్యవధి ఉన్నది. పెళ్లికూతురు ఇంట్లో కూర్చుండి చీరలకు రాళ్లు అంటించి, దారాలు కత్తిరించి, నాలుగు డబ్బులు వెనకేసుకున్న పిల్ల. నేను వెళ్లిన సాయంత్రమే నా పక్కన చేరింది. ఒక చేతిలో వీధి చివరి బ్యూటీ పార్లర్ వారి ధరల కాగితం. మరొక చేతిలో ఒక చిన్న క్రీము ట్యూబు.

“పెద్దమ్మా, పార్లరుకు పోతే పైసలు బాగ అయితయి. ఇది పూసుకుంటే వారం రోజులల్ల తెల్లగైతవని పక్కింటోళ్లు అంటున్నరు. దేనితోటి ముఖం తెల్లబడతది?”

నాకు నవ్వు వచ్చింది. మన భాషలో ముఖం తెల్లబోవడమంటే చిన్నబోవడం. కళకళలాడే ముఖాన్ని మనవాళ్లు అందమైన ముఖమన్నారు కాని, తెల్లబోయిన ముఖాన్ని ఎన్నడూ అనలేదు. అయితే ట్యూబు మీది సన్నని అక్షరాలు చదివిన తరువాత ఆ నవ్వు నిలువలేదు. దానిని ఆ పిల్ల చేతి నుంచి తీసుకొని మళ్లీ ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పే ముందు, ఫేషియల్ సంగతి చూద్దాం. పెళ్లి కుదిరిన ఇంటింటా నేడు ఈ ప్రశ్న వినిపిస్తూనే ఉన్నది.

చర్మం తనంతట తాను చేసుకొనే పని

మన చర్మం నిత్యం తనను తాను శుభ్రపరచుకొంటూనే ఉంటుంది. పైపొర అడుగున పుట్టిన కొత్త కణాలు క్రమంగా పైకి జరిగి, అక్కడ మృతకణాలై, కంటికి కనిపించని పొట్టుగా రాలిపోతాయి. యౌవనంలో ఈ ప్రయాణానికి సుమారు 28 రోజులు పడుతుంది. వయసు మీరిన కొద్దీ ఇది మందగిస్తుంది. మృతకణాలు ఉపరితలం మీద ఎక్కువకాలం నిలిచిపోవడం వలననే ముఖం కాంతి తగ్గినట్లు కనిపిస్తుంది.

ఇక రెండవది తైలం. ముఖం మీద రోమకూపాలను అంటిపెట్టుకొని తైలగ్రంథులు దట్టంగా ఉంటాయి. అవి స్రవించే జిడ్డు చర్మం ఎండిపోకుండా కాపాడుతుంది. కాని ఆ జిడ్డు, మృతకణాలతో కలిసి రోమకూపంలోనే గడ్డకట్టినప్పుడు చిన్న బిరడా వలె మారుతుంది. ఆ బిరడా పైభాగం గాలి తగిలి నల్లబడుతుంది. మనం బ్లాక్‌హెడ్స్ అని పిలిచే చుక్కలు ఇవే. ఆ నలుపు మురికి కాదు. కనుక ఎంత రుద్ది కడిగినా పోదు. రుద్దిన కొద్దీ చర్మం ఎర్రబడడమే మిగులుతుంది.

సబ్బు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆరోగ్యవంతమైన చర్మం కొంచెం ఆమ్లగుణం కలది, దాని పి.హెచ్. సుమారు 5. మామూలు సబ్బుది 9 లేక 10. అంటే సబ్బు క్షారగుణం కలది. రోజుకు నాలుగైదు సార్లు సబ్బుతో ముఖం తోముకొనేవారు శుభ్రత పేరుతో తమ చర్మపు రక్షణకవచాన్ని తామే కరిగించుకొంటున్నారన్నమాట.

మగ్గాల మధ్య బ్రతికేవారికి మరొక చిక్కు ఉన్నది. నూలుపొట్టు, చెమట, యంత్రాల నూనె కలిసి చర్మంపై పేరుకొంటాయి. యంత్రాల నూనెలు రోమకూపాలను మూసివేసి మొటిమల వంటి కురుపులను కలిగించగలవని వృత్తివ్యాధులను పరిశీలించే వైద్యులు ఏనాడో గుర్తించారు. అటువంటివారికి పని ముగిసిన వెంటనే గోరువెచ్చని నీటితో, తీక్షణత లేని ద్రవంతో ముఖం కడుక్కోవడం అలంకరణ కాదు, అవసరం.

పార్లరులో జరిగేదేమిటి?

శిక్షణ పొందినవారు చేసే ఫేషియల్‌లో ఒక వరుస ఉంటుంది. ముందుగా క్లెన్సర్‌తో పైజిడ్డును, దుమ్మును తొలగిస్తారు. తరువాత సన్నని రేణువులున్న స్క్రబ్‌తో కాని, తేలికపాటి ఆమ్లంతో కాని మృతకణాలను తీస్తారు. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం, చెరకులో ఉండే గ్లైకాలిక్ ఆమ్లం ఈ పనికి వాడుకలో ఉన్నాయి. ఆపైన కొద్ది నిమిషాలు ఆవిరి పడతారు.

ఆవిరి వలన రంధ్రాలు తెరచుకొంటాయని, చన్నీటితో మూసుకొంటాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. తెరచి మూసేందుకు వాటికి తలుపులూ లేవు, కండరాలూ లేవు. ఆవిరి చేసే పని వేరు: గడ్డకట్టిన జిడ్డును మెత్తబరుస్తుంది. అప్పుడు చివర చిన్న వలయం ఉన్న లోహపు పరికరంతో సున్నితంగా అదిమితే బ్లాక్‌హెడ్స్ సులువుగా బయటికి వస్తాయి. ఇంట్లో అద్దం ముందు నిలబడి గోళ్లతో గిల్లుకొనేవారికి, నేర్చిన చేతికి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. గిల్లిన చోట వాపు లోపలికి దిగి, మచ్చో గుంటో శాశ్వతంగా మిగలవచ్చు.

తరువాతిది మర్దన. దాని వలన ముఖానికి రక్తప్రసరణ కొంతసేపు పెరుగుతుంది. దవడల వద్ద, కనుబొమల మధ్య బిగుసుకొన్న కండరాలు సడలుతాయి. ఫేషియల్ ముగియగానే అద్దంలో కనిపించే నిగారింపులో అధికభాగం దీనిదే. చివరగా చర్మతత్త్వానికి తగిన లేపనం: జిడ్డు ముఖానికి ముల్తానీ మట్టి వంటి జిడ్డును పీల్చే మట్టి, పొడి ముఖానికి తేమనిచ్చే పూత. అది తీసిన తరువాత మాయిశ్చరైజర్, పగటివేళ అయితే సన్‌స్క్రీన్.

వాగ్భటుడు ఎరిగిన లేపనం

ఈ లేపనం మనకు కొత్తది కాదు. పెళ్లికూతురికి నలుగు పెట్టని తెలుగిల్లు లేదు. బమ్రోలిలో పక్కనున్న గుజరాతీల ఇళ్లలో అదే వేడుకను పీఠీ అంటారు. పెసరపిండి, శనగపిండి, పసుపు, నూనె — మృతకణాలను తీయడం, జిడ్డును పీల్చడం, తేమను నిలపడం అన్నీ ఆ ఒక్క గిన్నెలోనే ఉన్నాయి.

వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలో 22వ అధ్యాయం ముఖలేపాన్ని ప్రత్యేకంగా వివరిస్తుంది. లేపాలు మూడు విధాలట: దోషాన్ని హరించేది, విషాన్ని హరించేది, వర్ణాన్ని ఇచ్చేది. మందం ఎంత ఉండవలెనో కూడా అంగుళంలో నాలుగవ వంతు, మూడవ వంతు, సగం అని కొలిచి చెప్పాడు. ఆరు ఋతువులకు ఆరు లేపాలు చెప్పాడు. అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉన్నది. లేపం పూర్తిగా ఎండిపోయే వరకు ఉంచరాదు. ఎండితే చర్మకాంతిని చెడగొడుతుంది. తడిపి తీయవలె, తీసిన పిమ్మట తైలం రాయవలె. మట్టి బీటలు వారేదాకా ముఖాన ఉంచుకొని, ఆపైన బరబర గీకేవారు ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది. ఎండిన మట్టి జిడ్డుతోపాటు చర్మపు తేమను కూడా లాగివేస్తుందని నేటి చర్మవైద్యులూ అంటారు.

లేపం ఉన్నంతసేపు ఎక్కువగా మాట్లాడరాదని, ఎండలోను నిప్పు దగ్గరను ఉండరాదని, శోకం, కోపం కూడదని ఆయన నియమం. పార్లరులో కళ్లు మూసుకొని అరగంట మౌనంగా పడుకోమనడంలో కొత్త ఏమీ లేదు.

లభించేది, లభించనిది

కాబట్టి మంచి ఫేషియల్ వలన లభించేవి ఇవి: లోతైన శుభ్రత, నునుపు, తాత్కాలికమైన నిగారింపు, కొంత విశ్రాంతి. చర్మం మార్పిడికి నాలుగు వారాలు పడుతుంది కనుక నెలకొకసారి చేయించుకొంటే చాలు. తరచుగా చేయించుకొంటే కవచం పలుచబడి మంట, ఎరుపు మొదలవుతాయి.

లభించనివి ఏమిటి? ముడతలు శాశ్వతంగా పోవు. మంగు మచ్చలు మాయం కావు. మొటిమల వ్యాధి నయం కాదు. దానికి వైద్యుడే శరణ్యం. అన్నిటినీ మించి, పుట్టుకతో వచ్చిన రంగు మారదు. బ్లీచ్ సైతం ప్రధానంగా ముఖం మీది నూగు వెంట్రుకల రంగును తేలికపరుస్తుంది. చర్మపు రంగును కాదు. మన చర్మంలోని మెలనిన్ సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలకు అడ్డుపడే గొడుగు. ఆ గొడుగును చించుకొనేందుకు డబ్బు ఖర్చు పెట్టడం వివేకమేనా?

ఆ ట్యూబులో ఏమున్నది?

పక్కింటివారు ఇచ్చిన ట్యూబులో మూడు మందులు కలిసి ఉన్నాయి. వాటిలో ఒకటి స్టెరాయిడ్. మంగు వంటి కొన్ని వ్యాధులకు వైద్యులు అటువంటి మిశ్రమాన్ని కొద్ది వారాలపాటు, తమ పర్యవేక్షణలో వాడిస్తారు. కాని అది ముఖానికి రోజూ రాసుకొనే స్నో కాదు, పౌడరూ కాదు.

స్టెరాయిడ్ పూసిన మొదటి రోజులలో ముఖం నిజంగానే తేటపడినట్లు కనిపిస్తుంది. అదే దాని మాయ. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది, ఎర్రని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, అవాంఛిత రోమాలు పెరుగుతాయి, ఎండలో అడుగు పెడితే మంట. మానివేస్తే ఆ మంట, ఎరుపు మరింత పెరుగుతాయి. ఆ బాధకు మళ్లీ అదే ట్యూబు! ఈ వలయంలో చిక్కినవారిని భారతీయ చర్మవైద్యులు ఎందరినో చూశారు. పూతమందులుగా వాడే స్టెరాయిడ్లలో 14 రకాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన విధించింది. అయినా ట్యూబు చేతులు మారుతూనే ఉన్నది, ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి, ఆప్యాయంగా.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా మానివేసి బెంబేలు పడక, చర్మవైద్యుని కలిసి వారి సలహా ప్రకారం నడుచుకోవలె.

వెళ్లే ముందు

ఆ పిల్లకు నేను చెప్పిన మాటలనే పాఠకులకూ మనవి చేస్తున్నాను.

1. పెళ్లికి ముందురోజు మొదటి ఫేషియల్ వద్దు. కనీసం అయిదారు రోజుల ముందు చేయించుకొంటే, ఎరుపు, పొక్కులు ఏమైనా వచ్చినా తగ్గే వ్యవధి ఉంటుంది.

2. కొత్త క్రీమును చెవి వెనుక కాని, మోచేతి మడతలో కాని కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూడండి.

3. చీముపట్టిన మొటిమలు, పెదవి మీద జ్వరపు పొక్కులు, ఎండకు కమిలిన చర్మం ఉన్నప్పుడు ఫేషియల్ మానండి. మొటిమలకు మందులు వాడుతున్నవారు ముందుగా వైద్యుని అడగండి.

4. పరికరాలు శుద్ధి చేసినవేనా, తువాలు ఉతికినదేనా, చేసే ఆమె చేతులు కడుక్కొన్నదా అని గమనించండి. అడగడానికి మొహమాటం వద్దు. మంచి పనిమంతురాలు ఆ ప్రశ్నకు నొచ్చుకోదు.

5. మూత మీద పేరులేని డబ్బాలోని క్రీమును ముఖానికి రానివ్వకండి.

6. ఎక్కువ ధర ఉన్నది ఎక్కువ మేలు చేస్తుందనుకోకండి. బంగారం, వజ్రం, ముత్యం అన్న పేర్లు ధరను పెంచగలవు, శుభ్రతను పెంచవు. చాలామందికి సాధారణ క్లీనప్ చాలు.

పెళ్లికి ఆరు రోజుల ముందు ఆ పిల్ల పార్లరుకు వెళ్లింది. నన్నూ, వాళ్లమ్మనూ వెంట తీసుకొని పోయింది. ధరల కాగితంలో అన్నిటికంటె పెద్దదాన్ని వదిలి, చిన్నదాన్ని ఎంచుకొన్నది. మిగిలిన డబ్బుతో ఏం చేస్తావని అడిగితే జవాబు చెప్పలేదు; వాళ్లమ్మ భుజాలు పట్టి పక్క కుర్చీలో కూర్చుండబెట్టింది.

ఇరవై ఏళ్లుగా బాబిన్ల దగ్గర పనిచేసిన మనిషి ఆమె. “నాకెందుకే, ముసలిదాన్ని” అంటూ లేవబోయింది. పార్లరు అమ్మాయి ఆమె నుదుటి దగ్గర వెంట్రుకలలో చిక్కుకొన్న నూలుపొట్టును ఒక్కొక్కటిగా తీసి, గోరువెచ్చని బట్టతో ముఖం తుడిచింది. పది నిమిషాలు గడవకముందే ఆమె నిద్రపోయింది.

పెళ్లికూతురు అద్దంలో తన ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకొన్నది.

“తెల్లగ కాలేదు గని పెద్దమ్మా, మంచిగున్నది” అన్నది, తల్లికి మెలకువ రాకుండా మెల్లగా.