చిత్రసంపద దాచదగినదా? చూపదగినదా?

కళాభిమానులగు సంపన్నులు తమ గృహములందు కూర్చుకొనిన చిత్రములను, ప్రతిమలను, తాళపత్రములను, నాణెములను ఫొటోలు తీయించి అంతర్జాలమున నెల్లరకును కనబడునట్లు ఉంచవలెనా, లేక అవి వారి సొంత సొత్తు గనుక వారి యిచ్ఛకే విడువవలెనా యను ప్రశ్న యిటీవల పెక్కుచోట్ల వినబడుచున్నది. ఇది పట్టణములందలి పెద్దల వివాదమనియు, పట్టిసీమవంటి యేటిగట్టు గ్రామమున నున్న మనకు దీనితో పనిలేదనియు కొందఱు తలంపవచ్చును. మేమట్లు తలంపము. కలిగినవారికంటె చూడ నోచుకొననివారికే యీ ప్రశ్నతో నెక్కువ సంబంధము గలదు. అట్టివారిలో మన పాఠశాల బాలబాలికలు ముందువరుసలో నున్నారు.

మనకు దగ్గఱనున్న యుదాహరణమునే మొదట గైకొందము. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారు అచ్చటి ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలగు కూల్డ్రేదొరగారి ప్రోత్సాహమువలన బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో విద్య నభ్యసించిరి. పిదప స్వస్థలమునకు మరలివచ్చి, శిష్యులను కూర్చుకొని, తెలుగుదేశమున నూతన చిత్రకళకు పునాది వేసిరి. 1925లో మశూచికము సోకి, యిరువదియెనిమిదవ యేటనే కన్నుమూసిరి. ఆయన సతీమణి సత్యవాణిగారును, మిత్రులు వరదా వెంకటరత్నముగారు మున్నగువారును ఆ చిత్రములను ప్రాణపదముగా కాపాడి, ఆయన పేర చిత్రశాల నిలిపిరి. వారు వానిని తలకొకటిగా పంచుకొని యెవరి గదిలో వారు వ్రేలాడదీసికొనియున్నచో వారిని తప్పుపట్టువా రుండెడివారు కారు. కాని తెలుగువారికి దామెర్లవారు నేడొక పేరుగా మాత్రమే మిగిలియుండెడివారు. తూర్పుకనుమల నడుమ ప్రవహించు గోదావరిని ఆయన చిత్రించియున్నారు. అనుదినము ఆ నదినే చూచు పట్టిసీమ బాలుడు, తనవంటి గోదావరి బిడ్డ యొకడు దానిని రంగులలో నెట్లు చూచెనో తెలిసికొనుటకు మార్గము మిగిలినదన్న, అది ఆ పుణ్యాత్ముల త్యాగఫలమే.

పుస్తకముల విషయమునను ఇట్టి నిదర్శనమే కలదు. చార్లెసు ఫిలిప్పు బ్రౌనుదొరగారు (1798–1884) మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, కడప మొదలగు చోట్ల ఉద్యోగము చేయుచు, సొంత ధనము వెచ్చించి, పండితులకు జీతములిచ్చి, తెలుగు వ్రాతప్రతులను వేలకొలది సేకరింపించి శుద్ధప్రతులు వ్రాయించిరి. 1829లోనే వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించిరి. తమ సేకరణమును తమతో కట్టుకొనిపోక చెన్నపట్టణమున పదుగురికి అందుబాటగునట్లు ఒప్పగించిరి. ఆ గ్రంథములలో పెక్కు నేటికిని చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున చదువరులకు లభించుచున్నవి. బ్రౌనుగారి కాలమున అచ్చుయంత్రము చేసిన పనినే మన కాలమున అంతర్జాలము చేయగలదు. ఒకరి పెట్టెలోని ప్రతిని పదివేల యిండ్లకు చేర్చుటయే ఆ పని.

హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియము సంగతి మన విద్యార్థులు పాఠములలో చదివియుందురు. అది మొదట ఒక వంశమువారి సొత్తు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖానుగారు 1949లో గతించిన తరువాత, ఆయన నివాసమగు దివాన్ దేవ్‌డీలోనే 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు దానిని ప్రజలకొఱకు తెఱచిరి. ఇటలీ శిల్పి బెన్జోనీ పాలరాత చెక్కిన ముసుగు రెబెక్కా అచ్చట గలదు. ఆదికాండమున మన పిల్లలు చదివిన రిబ్కాయే ఈమె. రాతిలో పలుచని ముసుగును, ముసుగు వెనుక ముఖమును ఒకేమాఱు కనబఱచిన ఆ నేర్పును చూడగోరువాడు పూర్వము హైదరాబాదు పోవలసినదే. నేడు ఆ మ్యూజియము వస్తువులను కేంద్రప్రభుత్వము వారి మ్యూజియముల వెబ్‌సైటున పట్టిసీమ రేవున కూర్చుండియు చూడవచ్చును. అదే హైదరాబాదున జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ అను చిత్రకారదంపతులు తమ జీవితమంతయు కూర్చిన దక్కను చిత్రములను, వస్త్రములను, లోహపు పనులను తమవద్దనే యుంచుకొనక 1976లో ఒక ట్రస్టున కప్పగించి మ్యూజియముగా జేసిరి. వారు నవాబులు కారు, జమీందారులు కారు. మనసున్నచో మధ్యతరగతివారును ఇట్టి పని చేయగలరని వారి చరిత్ర చెప్పుచున్నది.

ఇంకొక మాట. అమరావతి స్తూపపు శిల్పములలో పెక్కు లండను బ్రిటిషు మ్యూజియమున నున్నవి. అవి మనకు మరల రావలెనా యనునది వేఱు చర్చ. కాని ఆ సంస్థవారు వాని ఫొటోలను, కొలతలను, వివరములను అంతర్జాలమున నుంచినారు. మన యొద్దనుండి సముద్రము దాటిపోయిన రాళ్లను మనకు చూపుటకు దూరదేశపు సంస్థకు సాధ్యమైనప్పుడు, మన పొరుగు పట్టణమందలి మేడలోని చిత్రమును మనకు చూపుట సాధ్యము కాకుండుట వింత గాదా?

గోదావరిసీమలో నివసించు మనకు ఈ విషయమున తొందరయును గలదు. 1953 వరదను తాతలును, 1986 వరదను తల్లిదండ్రులును ఇప్పటికిని చెప్పుకొందురు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించెను. నీరింటిలోనికి వచ్చునప్పుడు మొదట బిడ్డలను, పిమ్మట పశువులను, తరువాత ధాన్యమును గట్టెక్కింతుము. గోడమీది పటమును, అటకమీది తాళపత్రపు కట్టను తలచువా రెవ్వరు? వరద రాని యేటను తాటాకునకు చెద, కాగితమునకు తేమ, నీటిరంగులకు ఎండవెలుతురు, పాతఫొటోకు బూజు శత్రువులై యున్నవి. మఱియు పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఎగువ గ్రామములు స్థలము మాఱవలసివచ్చినది. ఇల్లు మాఱునప్పుడు పనికిరాదని పాఱవేయు పాతసామానులో నేమేమి పోవునో యెవరెఱుగుదురు? మంచి ఫొటో యొకటి తీసి వేఱొకచోట భద్రపఱచినచో మూలము నశించినను రూపమైనను మిగులును. కావున చూపుట దానము మాత్రమే కాదు; దాచుటలో నుత్తమమైన విధమును అదియే.

ఇక నెదిరిపక్షమువారి మాటలు. మొదటిది దొంగల భయము. ఇది త్రోసిపుచ్చదగిన భయము కాదు. దేవాలయములందలి విగ్రహములకే రక్షణ లేని కాలమిది. కాని ఈ విషయమున ప్రకాశము జిల్లా చందవరము చెప్పు పాఠమును వినవలెను. అచ్చటి బౌద్ధశిల్పమొకటి చోరీ కాబడి, దేశములు దాటి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడుపోయెను. అది చందవరముననే యుండెడిదని పాతఫొటోలవలన తేలగా, ఆ చిత్రశాలవారు 2016లో దానిని భారతదేశమునకు మరల నిచ్చివేసిరి. తమిళనాడు శ్రీపురందాన్ నటరాజమూర్తియు ఇట్లే, పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థవారు పూర్వము తీసియుంచిన ఫొటోల సాక్ష్యముతో 2014లో స్వదేశమునకు వచ్చెను. ఎవరును చూడని వస్తువు పోయినచో అది మాదని చెప్పుటకు సాక్షి యుండడు. పదివేలమంది చూచిన వస్తువును దొంగ యెచ్చట అమ్మగలడు? 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన శిల్పములు, చిత్రములు మున్నగు కొన్ని తరగతుల వస్తువులను సొంతదారు ఫొటోలతో సహా నమోదు చేయించుకొనవలసియున్నది. ఫొటోయే రక్షణమని చట్టమును గుర్తించినట్లే గదా! అయినను ఇంటి చిరునామాను, వస్తువు వెలను, ఉంచిన గదిని ప్రకటింప నక్కఱలేదు. ఊరిపేరు సైతము చెప్పక, రక్షకమైన సంస్థ యొకదాని ద్వారమున చూపవచ్చును.

రెండవది హక్కుల మాట. డబ్బిచ్చి కొన్నాను గనుక చిత్రముపై సర్వహక్కులును నావే యని పెక్కురు నమ్ముదురు. అది పొరపాటు. చిత్రము కొన్నవాడు సాధారణముగా గుడ్డను, రంగును కొన్నవాడే కాని ప్రతులు తీయు హక్కును కొన్నవాడు కాడు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి ఆ హక్కు చిత్రకారునిది. అతడు గతించిన తరువాత 60 సంవత్సరములు అతని వారసులది. కావున జీవించియున్న చిత్రకారుని పనిని ప్రకటించుటకు ముందు అతని యనుమతి పొందవలెను, అతని పేరు వ్రాయవలెను. ఇది యడ్డంకి గాదు, మర్యాద. మన జిల్లాలందు పేరు తెలియక మఱుగుపడిన చిత్రకారులకు ఇంతకు మించిన ఉపకార మేది?

మూడవది, ఫొటోలో చూచుట చూచుట గాదను మాట. ఇందు సత్యము గలదు. అరచేతి వెడల్పు తెరమీద ఆరడుగుల పటమును, జానెడు పటమును ఒకే తీరున కనబడును. కుంచె జాడ, కాగితపు గరుకుదనము, రంగు వెనుకనున్న రంగు మఱుగుపడును. కాని పటము నెన్నడును చూడనివానికి అసలు చిత్రముపై కోరికయే పుట్టదు. ఫొటో చూచినవాడే కొవ్వూరు చేరి, వంతెన దాటి, రాజమహేంద్రవరపు చిత్రశాలకు పోవలెనని తండ్రిని వేధించును. ఈ లోపమును తగ్గించుటకు సేకరించినవారు రెండు పనులు చేయవలెనని మా సూచన. ప్రతి ఫొటోక్రింద వస్తువు కొలతలు, చేసిన పదార్థము, చేసినవాని పేరు, అది తమకెట్లు సంక్రమించినదో ఆ వివరము తప్పక వ్రాయుట ఒకటి. ఏడాదికొక్క దినమైనను విద్యార్థులకు తలుపు తెఱచి అసలు వస్తువును చూపుట రెండవది.

అన్నియు చూపవలసినదే యని మేమనము. నిత్యపూజలందుకొను ఇంటి దేవతామూర్తిని, చనిపోయినవారి చివరి ఫొటోను, కుటుంబపు బాధను తెలుపు ఉత్తరమును లోకమునెదుట నుంచుమని యెవ్వరును అడుగరాదు. మఱియు ప్రభుత్వము బలవంతపెట్టి చూపించుటయును మాకు సమ్మతము గాదు. బలవంతముగా తెఱపించిన పెట్టెలోని మంచివస్తువులు ముందురాత్రియే వేఱొక పెట్టెలోనికి పోవును. ధర్మబుద్ధితో చేయవలసిన పని యిది. కుంచము క్రింది దీపమును గూర్చియు, భూమిలో పాతిపెట్టబడిన తలాంతును గూర్చియు మన పిల్లలు ఆదివారపు బడిలో వినియున్నారు. అడవిగాచిన వెన్నెల యను సామెతను వారి అమ్మమ్మలు చెప్పియున్నారు. ఇవన్నియు ఒకటే బోధించుచున్నవి: పదుగురి కుపయోగపడని సంపద కలిగియు లేనట్లే.

పెద్ద సేకరణములు గలవారికే కాదు, చిన్నవారికిని ఇందు పనిగలదు. రాజమహేంద్రవరమున 1922లో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలివారు నాణెములను, శాసనములను ఒక్కొక్కటిగానే కూర్చిరి. ఆ మండలికి పాటుపడిన రాళ్లబండి సుబ్బారావుగారి పేరనే నేడు అచ్చట ప్రభుత్వ మ్యూజియ మున్నది. అట్లే మన విద్యార్థులు రాబోవు సెలవులలో తమ తాతల యిండ్లకు పోయినప్పుడు, పెద్దల యనుమతితో, పాతపటములను, తోలుబొమ్మలను, వ్రాతప్రతులను, చెక్కడపు పనిగల ద్వారబంధములను సెల్‌ఫోనుతో ఫొటోలు తీయవచ్చును. పటమును గోడనుండి ఊడబెఱుకక, తడిచేతితో తాకక, ఫ్లాష్ దీపము వేయక, కిటికీవెలుతురున నిటారుగా నిలిచి తీయవలెను. ప్రక్కన ఒక స్కేలు నుంచినచో కొలత తెలియును. అది యెవరిదో, ఎవరు చేసిరో, ఏ సంవత్సరమున ఇంటికి వచ్చెనో తాతగారిని, నాయనమ్మగారిని అడిగి ఒక పుస్తకమున వ్రాయవలెను. ఆ వివరము చెప్పగలవారు సర్వకాలము నుండరు. హక్కుల చిక్కు లేని పాతవస్తువుల ఫొటోలను వికీమీడియా కామన్సు వంటి ఉచిత భాండాగారములకు పెద్దలు సమ్మతించినచో పంపవచ్చును. సమ్మతింపనిచో ఇంటనే రెండు ప్రతులు భద్రపఱచినను చాలును.

సంపన్నులగు సేకర్తలకు మా విన్నపమిది: మీ సొత్తు మీదే, దాని దర్శనము మాత్రము మాకు ప్రసాదింపుడు. ఈ విషయమున మాతో నేకీభవింపని తలిదండ్రులును, ఉపాధ్యాయులును తమ యభిప్రాయములను వ్రాసి పంపినచో వచ్చు సంచికయందు సంతోషముతో ప్రకటింతుము.